మొదటి రోడ్ ట్రిప్‌కి ఏ ద్వీపం? శ్రీలంక, న్యూజిలాండ్, ఐస్‌లాండ్‌లలో విశాఖవాళ్ళకి ఏది నప్పుతుంది

విదేశంలో కారు వేసుకుని ఊరూరూ తిరగాలని ఉంది, ఎక్కడికెళ్తే బాగుంటుంది అన్న మాట ఈ మధ్య మా ఎంవీపీ కాలనీలో తరచూ వింటున్నాను. అందరి నోటా వచ్చే పేర్లు మూడు: శ్రీలంక, న్యూజిలాండ్, ఐస్‌లాండ్. మూడూ ద్వీప దేశాలే, మూడూ అందమైనవే. అందాన్ని బట్టి తేల్చుకుందామంటే ఎప్పటికీ తేలదు. నేనైతే ముందు అడిగేది ఒకటే: స్టీరింగు ఎవరు పడతారు, వెనక సీట్లో ఎవరు కూర్చుంటారు? ఈ సంగతి తేలితే దేశం ముప్పాతికమువ్వీసం తేలిపోయినట్టే.

మా అత్తయ్యది శ్రీకాకుళం వైపు. అరకు వెళ్ళినప్పుడల్లా ఒక మాట అంటుంది: "బండి నడిపినోడికి కొండలెక్కడ కనబడతాయిరా, మలుపులే గాని." అక్షరాలా నిజం. బండి నడపడమే సరదాగా వెళ్ళేవాళ్ళు వేరు, దేశం చూడ్డానికి వెళ్ళేవాళ్ళు వేరు. మొదటివాళ్ళకి న్యూజిలాండ్, రెండోవాళ్ళకి శ్రీలంక అని నా సలహా. ఐస్‌లాండ్‌ని మొదటి ప్రయాణానికి చెప్పను. రెండోసారికో మూడోసారికో దాచుకోమంటాను.

"ద్వీపమే కదా, వారంలో చుట్టేద్దాం" అనుకోవడం దగ్గరే చాలా ప్లాన్లు తప్పుతాయి. శ్రీలంక 65 వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు. ఐస్‌లాండ్ లక్ష దాటుతుంది. న్యూజిలాండ్ మన ఆంధ్రప్రదేశ్‌కి ఒకటిన్నర రెట్లకు పైన. పైగా ఈ మూడు చోట్లా కిలోమీటర్లని నమ్ముకోకూడదు, గంటల్నే లెక్కేసుకోవాలి. విశాఖ నుంచి అరకు 115 కిలోమీటర్లే అయినా ఘాట్ రోడ్డు మీద మూడు గంటలు ఎందుకు పడుతుందో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. క్యాండీ నుంచి నువరఎలియా 80 కిలోమీటర్ల లోపే, అయినా రెండున్నర మూడు గంటలు తీసుకుంటుంది. రోజుకి మూడు నాలుగు గంటల ప్రయాణం మించకుండా వేసుకుంటే పిల్లలూ పెద్దవాళ్ళూ తట్టుకుంటారు.

సెలవులు ఎప్పుడు దొరుకుతాయి?

మన సెలవులు మన చేతిలో లేవు కాబట్టి ఈ లెక్క ముందే చూసుకోవాలి.

సంక్రాంతికి వెళ్ళగలిగితే అదృష్టం. జనవరి శ్రీలంక దక్షిణ, పశ్చిమ తీరాలకి చక్కటి కాలం. గాలే, మిరిస్సా దగ్గర సముద్రం నెమ్మదిగా ఉంటుంది, మిరిస్సా నుంచి పడవల్లో తిమింగలాలు చూడ్డానికి వెళ్ళొచ్చు. తూర్పున ట్రింకోమలీ వైపు మాత్రం ఈశాన్య రుతుపవనాల తడి ఇంకా ఉంటుంది. న్యూజిలాండ్‌లో అప్పుడు నడివేసవి, దక్షిణ దీవిలో రాత్రి తొమ్మిదింటికి కూడా వెలుతురుంటుంది. కాకపోతే అక్కడి బడిపిల్లలకీ అవే సెలవులు. గదులూ కార్లూ నెలల ముందే నిండిపోతాయి, ధరలూ పైనే ఉంటాయి.

వేసవి సెలవులైతే లెక్క మారిపోతుంది. మే నెలలో నైరుతి రుతుపవనాలు శ్రీలంక నైరుతి తీరాన్ని పట్టుకుంటాయి. అప్పుడు గాలే వైపు వెళ్ళి హోటల్ కిటికీలోంచి వాన చూస్తూ కూర్చునే బదులు సిగిరియా చూసుకుని ట్రింకోమలీ, నీలావేలి వైపు తిరగండి. తూర్పు తీరం ఏప్రిల్ చివరి నుంచి సెప్టెంబరు దాకా ప్రశాంతంగా ఉంటుంది. ఏప్రిల్ 13, 14 తేదీల్లో సింహళ, తమిళ సంవత్సరాది వస్తుంది. ఆ వారం దుకాణాలు మూసేస్తారు, డ్రైవర్లు దొరకరు, నువరఎలియా కిటకిటలాడుతుంది. న్యూజిలాండ్‌కి మే నెల శీతాకాలపు గుమ్మం, పగళ్ళు కురచైపోతాయి. ఐస్‌లాండ్‌కి మాత్రం ఇదే సరైన అదను. జూన్‌లో అక్కడ రోజుకి 20 గంటలకు పైగా వెలుతురు ఉంటుంది. మన బళ్ళు తెరిచేలోపు, అంటే మే చివర, జూన్ మొదటి వారాల్లో వెళ్ళిరావచ్చు.

దసరా సెలవులు మూడింటికీ మధ్యస్థమే. అక్టోబరులో శ్రీలంకలో రెండు రుతుపవనాల నడుమ మధ్యాహ్నం పూట ఉరుముల వానలు పడతాయి. యాలా అడవిలోని ముఖ్య భాగాన్ని మామూలుగా సెప్టెంబరు నుంచి అక్టోబరు సగం దాకా మూసి ఉంచుతారు. న్యూజిలాండ్‌లో వసంతం. కొండల మీద మంచు, పచ్చికలో గొర్రెపిల్లలు, ఒకే రోజులో ఎండా వానా రెండూ. టెకాపో సరస్సు ఒడ్డున లూపిన్ పూలు చూడాలనుకుంటే నవంబరు సగం దాటాక వెళ్ళాలి.

శ్రీలంక: డ్రైవర్ని పెట్టుకోండి

అమ్మానాన్నలతో, అత్తమామలతో బయల్దేరేవాళ్ళకి నేను మరో దేశం పేరు చెప్పను. చెన్నై నుంచి కొలంబోకి విమానంలో గంటన్నర లోపే. మనలాగే ఎడమవైపు నడుపుతారు. కొబ్బరిచెట్లు, చేపల రేవులు, ఎర్రమట్టి బాటలు అన్నీ ఎరిగినవే. అందువల్ల పెద్దవాళ్ళకి కొత్త దేశమన్న బెరుకు ఉండదు. నువరఎలియా దగ్గర సీత ఎలియలో సీతమ్మవారి గుడి ఉంది, చిలాపం దగ్గర మున్నేశ్వరం ఉంది, ట్రింకోమలీలో సముద్రం మీదికి చొచ్చుకొచ్చిన కొండ కొసన కోణేశ్వరం ఉంది. కైలాసగిరి మీద నించుని సముద్రం చూసే అలవాటున్న కళ్ళకి కూడా కోణేశ్వరం దగ్గరి నీలం కొత్తగానే ఉంటుంది.

"ఎడమవైపే కదా, మనమే నడుపుదాం" అని మగవాళ్ళు ముందుకొస్తారు. నడపగలరు, అందులో సందేహం లేదు. కానీ మన లైసెన్సూ అంతర్జాతీయ పర్మిటూ ఉంటే సరిపోదు, అక్కడి అధికారుల గుర్తింపు కాగితం కూడా తీసుకోవాలి. అదీ అయ్యాక రోడ్డు మీద ప్రైవేటు బస్సుల వేగం ఉంది. కొండ మలుపుల్లో ఎదురుగా మన లైనులోకి వచ్చేస్తాయి. ఎల్ల నుంచి వెల్లవాయ దిగే దారి బాగా వాలు. బ్రేకు మీద కాలు పెట్టి దిగుతూ పోతే బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతాయి. పాడేరు ఘాట్‌లో దిగినట్టే గేరు తగ్గించుకుని దిగాలి. హబరణ, సిగిరియా పరిసరాల్లోనూ, బుత్తల నుంచి కతరగామ వెళ్ళే దారిలోనూ ఏనుగులు రోడ్డెక్కుతాయి. అక్కడివాళ్ళకి ఏ ఏనుగు ఎక్కడ నిలబడుతుందో, ఎంత దూరంలో ఆగాలో తెలుసు. మనకి తెలియదు. చీకటి పడ్డాక ఆ దారుల్లో వెళ్ళొద్దని డ్రైవర్లే చెప్తారు, వినండి.

డ్రైవర్‌తో సహా కారు మాట్లాడుకున్నా ఖర్చు భయపెట్టదు. మన రూపాయికి మూడు శ్రీలంక రూపాయలకు పైగానే వస్తున్నాయి. సిగిరియా లాంటి చోట్ల మన దేశంతో సహా సార్క్ దేశాలవాళ్ళకి టికెట్టులో రాయితీ ఉంటుంది, పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోండి. మాట్లాడుకునేటప్పుడు నాలుగు విషయాలు స్పష్టంగా రాయించుకోవాలి: రోజుకి ఎన్ని కిలోమీటర్లు, అది దాటితే ఎంత, ఎక్స్‌ప్రెస్‌వే టోలూ పార్కింగూ ఎవరివి, డ్రైవర్ భోజనం, పడక ఎవరు చూస్తారు. అక్కడి చాలా హోటళ్ళలో డ్రైవర్లకి విడిగా గదులుంటాయి. చిన్న హోమ్‌స్టేల్లో ఉండకపోవచ్చు. మన ఊళ్ళో బత్తా మాట్లాడుకున్నట్టే అక్కడా ముందే మాట్లాడుకుంటే అతనికీ గౌరవం, మనకీ నిశ్చింత. మసాలా తోటలకీ రత్నాల కొట్లకీ ఆపొద్దని మొదటి రోజే మర్యాదగా చెప్పేయండి. ఆపితే వాళ్ళకి కమిషన్ వస్తుంది, మనకి పూట పోతుంది.

సొంతంగా ఆటో అద్దెకి తీసుకుని తిరిగే పద్ధతి కూడా అక్కడ ఉంది. ఇద్దరు కుర్రాళ్ళకి సరదాయే. సామానుతో, కొండల్లో, కుటుంబంతో వద్దు. ఎక్స్‌ప్రెస్‌వేల మీదికి మూడు చక్రాల బళ్ళని రానివ్వరు కూడా.

తొమ్మిది పది రోజులుంటే నేను వేసే దారి ఇది. కటునాయక విమానాశ్రయం నుంచి నేరుగా సిగిరియా వైపు నాలుగు గంటలు. కొలంబోని చివరికి ఉంచుకోండి. అయిదో శతాబ్దంలో కాశ్యపుడు కోట కట్టుకున్న ఆ బండరాయి దాదాపు 200 మీటర్ల ఎత్తు, మెట్లు 1200 దాకా. పొద్దున్నే ఎక్కాలి, ఎండెక్కాక రాయి కాలిపోతుంది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కింద ఉద్యానవనాల దాకా నడిచినా వచ్చినందుకు తృప్తిగానే ఉంటుంది. దంబుల్లా గుహాలయానికీ మెట్లున్నాయి గానీ అంత కష్టం కాదు. అక్కడి నుంచి క్యాండీ, బుద్ధుడి దంతం ఉన్న దళద మాళిగావ గుడి, పెరదెణియ వృక్షాల తోట. తర్వాత నువరఎలియా. 1,800 మీటర్లు దాటిన ఎత్తు కాబట్టి స్వెట్టర్లు ఉండాల్సిందే, లంబసింగి చలి గుర్తొస్తుంది.

నువరఎలియా నుంచి ఎల్లకి మాత్రం కారు దిగిపోండి. దగ్గరి స్టేషను నానుఓయ. అక్కడ ఇంటిల్లిపాదీ రైలెక్కితే, డ్రైవరు సామానుతో రోడ్డు మీద వచ్చి ఎల్ల స్టేషన్లో అందుకుంటాడు. తేయాకు తోటల మధ్య ఆ రైలు దారిని కారులోంచి చూడలేం. రిజర్వేషను నెల ముందు తెరుస్తారు, వెంటనే అయిపోతుంది. ఒక జాగ్రత్త: 2025 నవంబరు చివర దిత్వా తుఫాను ఆ కొండ ప్రాంతంలో రోడ్లనీ పట్టాలనీ బాగా దెబ్బతీసింది. ఏ భాగంలో రైళ్ళు నడుస్తున్నాయో తెలుసుకున్నాకే హోటళ్ళు ఖాయం చేసుకోండి. హుద్‌హుద్ చూసినవాళ్ళం, తుఫాను తర్వాత కొండవారన ఊళ్ళు కోలుకోవడానికి ఎంత కాలం పడుతుందో మనకి తెలుసు. ఆ ఊళ్ళకి మనం వెళ్ళి బస చేయడమే వాళ్ళకి సాయం.

ఎల్లలో డెమోదర దగ్గర 1921 నాటి తొమ్మిది కమానుల వంతెన చూసుకుని, కిందికి దిగి తిస్సమహారామలో ఒకటో రెండో రాత్రులు ఉండి యాలా అడవి, ఆ పైన గాలే కోట. గాలే నుంచి కొలంబోకి దక్షిణ ఎక్స్‌ప్రెస్‌వే మీద రెండు గంటలు చాలు.

శాకాహారులు ఒక పేరు గుర్తుంచుకోవాలి: ఉంబలకడ. ఎండబెట్టిన చేపల పొడి అది. కొబ్బరి పచ్చడిలోనూ కూరగాయల కూరల్లోనూ కూడా వేస్తారు. పప్పు, పనసకూర, ఇడియాప్పం, ఆప్పం అన్నీ మన నాలుకకి హాయిగా ఉంటాయి. ఉంబలకడ వద్దని ముందే చెప్తే చాలు.

న్యూజిలాండ్: మీరే నడపాలనుకుంటే

భార్యాభర్తలిద్దరికీ డ్రైవింగ్ బాగా వచ్చి, పది పన్నెండు రోజుల సెలవూ చేతిలో డబ్బూ ఉంటే మొదటి సెల్ఫ్ డ్రైవ్‌కి ఇంతకన్నా మంచి చోటు నాకు తోచదు. కుడిచేతి స్టీరింగు, ఎడమవైపు రోడ్డు. ఇంగ్లీషులో ఉన్న మన లైసెన్సు అక్కడ చెల్లుతుంది. బోర్డులన్నీ చదవగలిగేవే. విశాఖ నుంచి సింగపూర్‌కి స్కూట్ విమానం, అక్కడి నుంచి క్రైస్ట్‌చర్చ్‌కి సింగపూర్ ఎయిర్‌లైన్స్ విమానం నేరుగా వెళ్తాయి. రెండూ ఒకే టికెట్టు మీద ఉండేలా చూసుకోండి. వీసా మాత్రం ముందుగానే, ఓపిగ్గా పెట్టుకోవాలి.

రెండు దీవులూ చూసేయాలన్న ఆశ వదులుకోండి. దక్షిణ దీవి ఒక్కటే పది రోజులకి ఎక్కువ. క్రైస్ట్‌చర్చ్‌లో దిగిన రోజు కారు తీసుకోకుండా రాత్రి అక్కడే పడుకోవాలి. రాత్రంతా విమానంలో కూర్చుని తెల్లారి స్టీరింగు పట్టడం చాలా ప్రమాదం. మర్నాడు టెకాపోకి మూడు గంటలు. అక్కడ రాత్రి ఆకాశంలో పాలపుంత స్పష్టంగా కనిపిస్తుంది, ఆ ప్రాంతాన్ని చీకటి ఆకాశపు రక్షిత ప్రాంతంగా 2012లో గుర్తించారు. తర్వాత 3,724 మీటర్ల మౌంట్ కుక్ పాదాల దగ్గర ఒక రాత్రి, వానకా, క్వీన్స్‌టౌన్, టె అనావు.

టె అనావు నుంచి, కొండల మధ్యకి సముద్రం చొచ్చుకొచ్చిన మిల్‌ఫోర్డ్ సౌండ్‌కి 120 కిలోమీటర్ల దారి ఈ ప్రయాణానికి ప్రాణం. ట్యాంకు టె అనావులోనే నింపుకోవాలి. దారిలో ఫోను పనిచేయదు. 1954లో తెరిచిన హోమర్ సొరంగం దాటగానే కొండలు నిట్టనిలువుగా కమ్ముకొస్తాయి. అక్కడ ఏడాదికి 6,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది, విశాఖలో పడేదానికి అయిదారు రెట్లు. వాన పడిందని బాధపడకండి, అప్పుడే ఆ రాతిగోడల మీద వందల జలపాతాలు పుడతాయి. క్వీన్స్‌టౌన్ నుంచి పొద్దున వెళ్ళి రాత్రికి రావచ్చంటారు గానీ రానూపోనూ దాదాపు 580 కిలోమీటర్లు. బండి నడిపేవాళ్ళకి అది శిక్ష. టె అనావులో బస చేయండి.

వేగ పరిమితి ఊరి బయట 100 అని ఉన్నా మలుపుల వల్ల సగటున 70 దాటదు. ఒక బండే పట్టే వంతెనలు చాలా ఉంటాయి. బోర్డు మీద మీ వైపు బాణం ఎర్రగా, చిన్నగా ఉంటే మీరు ఆగాలి. వెనక బళ్ళు పోగైతే పక్కకి తీసి దారివ్వాలి. ఏడేళ్ళ లోపు పిల్లలకి చైల్డ్ సీటు తప్పనిసరి, కారుతోపాటే బుక్ చేసుకోండి.

కారవానా, కారూ గదీనా అన్నది అందరూ అడిగే ప్రశ్న. పొయ్యీ పడకా ఉన్న వ్యాన్ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ అంత పొడుగు బండిని ఇరుకు మలుపుల్లో, ఈదురుగాలిలో నడపడం మనకి అలవాటు లేదు. దాన్ని ఎక్కడపడితే అక్కడ నిలిపి పడుకోనివ్వరు కూడా. మొదటిసారికి మామూలు కారు తీసుకుని, వంటగది ఉన్న మోటెళ్ళలో దిగండి. ఊళ్ళో సూపర్‌మార్కెట్టులో బియ్యం, పెరుగు, కూరగాయలు కొనుక్కుంటే సాయంత్రానికి అన్నం దొరుకుతుంది.

మన పొడులూ పచ్చళ్ళూ తీసుకెళ్ళే విషయంలో అతి జాగ్రత్తగా ఉండాలి. దేశంలోకి వెళ్ళే ముందు నింపే డిక్లరేషన్‌లో తిండి సామాను ప్రతిదీ రాయాలి. రాస్తే చూసి, కుదిరితే వదిలేస్తారు, కుదరకపోతే తీసేసుకుంటారు, జరిమానా ఉండదు. రాయకుండా దొరికితే అక్కడికక్కడే 400 న్యూజిలాండ్ డాలర్లు కట్టాలి. తేనె, విత్తనాలు, పళ్ళు అసలు పెట్టుకోవద్దు. అమ్మ సంచిలో చివరి నిమిషంలో వేసిన జామకాయ కూడా లెక్కలోకే వస్తుంది, బయల్దేరే ముందు సంచులన్నీ ఒకసారి చూడండి.

ఐస్‌లాండ్: తర్వాతికి దాచుకోండి

అక్కడ కుడివైపు నడపాలి. మనకి పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి అలవాటైన చూపూ చెయ్యీ అన్నీ తిరగబడతాయి. రెండు లైన్ల రౌండబౌట్‌లో లోపలి లైనులో ఉన్నవాళ్ళకే ముందు వెళ్ళే హక్కు. దీనికి గాలి తోడు. కారు తలుపు తీసిన క్షణంలో గాలి దాన్ని విరిచేస్తుంది, ఆ నష్టం మామూలు ఇన్సూరెన్సులో రాదు. దేశాన్ని చుట్టే రింగ్ రోడ్డు 1,300 కిలోమీటర్లకు పైన, ఎనిమిది రోజులకన్నా తక్కువలో తిరగకూడదు. లోపలి కొండలకి వెళ్ళే ఎఫ్ రోడ్లు వేసవిలోనే తెరుస్తారు, ఫోర్ వీల్ డ్రైవ్ లేకుండా వెళ్ళడం నేరం. షెంగెన్ వీసా, యూరప్ మీదుగా విమానం, అన్నిటికన్నా ఖరీదైన భోజనం.

అయినా మనసు అక్కడే ఉంటే, అమెరికాలోనో దుబాయ్‌లోనో కుడివైపు నడిపిన అనుభవం ఉన్నవాళ్ళు ఇంట్లో ఉంటే, మే చివర వెళ్ళి దక్షిణ తీరం ఒక్కటే చూడండి. రేక్యవీక్ నుంచి స్కోగాఫాస్ జలపాతం, వీక్, మంచుముక్కలు తేలే యోకుల్సార్లోన్ దాకా వెళ్ళి అదే దారిన తిరిగి రావడానికి అయిదు రోజులు చాలు. వీక్ దగ్గరి రేనిస్‌ఫ్యారా నల్ల ఇసుక ఒడ్డున మాత్రం రుషికొండలోలా నీళ్ళ అంచుకి వెళ్ళొద్దు. చెప్పాపెట్టకుండా పెద్ద అల వచ్చి మనుషుల్ని లాక్కుపోతుంది, ప్రాణాలు పోయాయి. రోజూ పొద్దున వాతావరణ శాఖ వారి వేదూర్ సైటూ, రోడ్ల సైటూ చూడకుండా బండి తీయకండి.

కాగితాలు, కారు

అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ మన ఆర్టీఓ ఆఫీసే ఇస్తుంది. ఫారం 4ఏ, ఫీజు 1,000 రూపాయలు, ఏడాది చెల్లుతుంది. సారథి పోర్టల్‌లో దరఖాస్తు పెట్టొచ్చు. పాస్‌పోర్టు, వీసా కాగితాలు అడుగుతారు కాబట్టి చివరి వారానికి వదిలిపెట్టకండి. న్యూజిలాండ్‌కి లైసెన్సు ఒక్కటే సరిపోయినా ఇదీ దగ్గరుంచుకుంటే అద్దె కౌంటరులో మాట్లాడే పని తగ్గుతుంది.

అద్దె కారుకి డిపాజిట్ కోసం బండి నడిపే మనిషి పేరు మీదే క్రెడిట్ కార్డు ఉండాలి. డెబిట్ కార్డు చాలాచోట్ల తీసుకోరు. ఐస్‌లాండ్‌లో మనుషుల్లేని పెట్రోలు బంకుల్లో కార్డుకి పిన్ కావాలి. ఇన్సూరెన్సులో "ఎక్సెస్" అన్న అంకె ఎంతుందో చదవండి. చిన్న గీత పడినా అంతవరకూ మీ జేబులోంచే పోతుంది. దాన్ని సున్నా చేసే పాలసీకి రోజుకి కొంత అదనంగా కట్టడం మొదటిసారి వెళ్ళేవాళ్ళకి దండగ కాదు. అద్దం, టైర్లు, కారు అడుగుభాగం పాలసీలోకి వస్తాయో లేదో అడగండి, కంకర రోడ్ల మీద దెబ్బ తగిలేది వాటికే. తాళాలు తీసుకునే ముందు కారు చుట్టూ తిరిగి నెమ్మదిగా వీడియో తీసుకోండి, తిరిగి అప్పగించేటప్పుడూ అలాగే తీసుకుని, డిపాజిట్ వెనక్కి వచ్చేదాకా ఫోనులో ఉంచండి.